నడచి వచ్చినవారును ఇంట నిలిచినవారును

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 11:27–30, 12:25, 1 సమూయేలు 30:21–25



పడమటి దేశములలో ధర్మకార్యము నిమిత్తము దూరపు నడక నడచు ఆచారమొకటి చాలకాలముగా నున్నది. ఒక మనుష్యుడో, ఒక కుటుంబములోని ఇద్దరు ముగ్గురో, వంద మైళ్లో మూడు వందల మైళ్లో కాలినడకను పోవుదుమని ముందుగా ప్రకటింతురు. బంధువులును స్నేహితులును పొరుగువారును, వారు ఆ నడక ముగించినయెడల రోగుల సహాయమునకో ఆకలిగొన్నవారికో ఇంత ఇచ్చెదమని మాట యిత్తురు. కొందరు మైలుకు ఇంతయని లెక్క వ్రాసి సంతకము చేయుదురు. సంఘములు కూడ ఈ పద్ధతిని చేపట్టినవి. అమెరికాలో సంఘముల సహాయ సంస్థ పక్షమున 1969లో బిస్మార్కు పట్టణమున జరిగిన ఆకలి నడకను చూచి, తరువాత ఆ దేశములోని అనేక పట్టణముల సంఘములు అట్టి నడకలు జరిపించినవి.

అట్లు నడచువారిని దారిలోని జనులు చప్పట్లు చరచి సాగనంపుదురు. పత్రికలవారు వచ్చి వ్రాసికొని పోవుదురు. తుదకు వారు ఇల్లు చేరుదురు. పిల్లలు వీధిలోనికి పరుగెత్తి ఎదురు వత్తురు. బొబ్బలెక్కిన పాదములు వేడినీళ్లలో పెట్టుకొని, దారిలో జరిగిన సంగతులన్నియు చెప్పుకొందురు. మరునాడు పత్రికలవారు రారు. ఇంటిలో ఎప్పటి పనులే యుండును.

ఈ నెల మనము ధ్యానింపగోరినది ఆ మరునాటిని గూర్చియే. ధర్మము కొరకు దూరము నడచి వచ్చినవాడు తన ఇంటివారికి ఏమి ఋణపడి యున్నాడు? ఇంటివారు అతనికి ఏమి ఋణపడి యున్నారు? ఆ దానము దారి చివర పూర్తియైనదా, లేక ఇంటి గడప లోపల పూర్తికావలసినది ఇంకను ఏమైన మిగిలియున్నదా?

1. అంతియొకయ వారి మాదిరి

సంఘ చరిత్రలో ధర్మము కొరకు దూర ప్రయాణము చేసినవారిలో బర్నబాయు సౌలును మొదటివారని చెప్పవచ్చును. అగబు అను ప్రవక్త కరవు రాబోవుచున్నదని అంతియొకయ సంఘమునకు తెలియజేసెను. క్లౌదియ చక్రవర్తి దినములలో, క్రీస్తు శకము 46 ప్రాంతమున, యూదయలో ఆ కరవు కలిగినది. యూదుల చరిత్రకారుడగు జోసీఫసు కూడ ఆ కరవును గూర్చి వ్రాసి, హెలేనా అను రాణి ఐగుప్తునుండి ధాన్యమును, కుప్ర ద్వీపమునుండి ఎండిన అంజూరపు పండ్లను కొనిపించి యెరూషలేములోని బీదలకు పంచిపెట్టించెనని తెలిపియున్నాడు. రాణి రాణికి తగినట్లు ఇచ్చెను. అంతియొకయ సంఘస్థులు రాజులు కారు. వారిలో ప్రతివాడును తన శక్తికొలది ఇచ్చెను.

అంతియొకయనుండి యెరూషలేమునకు సుమారు 300 మైళ్లు. దినమునకు 15 మైళ్ల చొప్పున నడచినను 20 దినముల ప్రయాణము. ఆశ్చర్యమేమనగా, ఆ ప్రయాణమును గూర్చి లూకా ఒక్క మాటయైనను వ్రాయలేదు. ఎండ ఎట్లున్నదో, దొంగల భయము కలిగెనో, ఎవరి కాళ్లు వాచెనో ఆయన చెప్పలేదు. సంఘము వారిని పంపినదని 11వ అధ్యాయము చివర వ్రాసెను. వారు తమ సేవ నెరవేర్చి, మార్కు అను మారుపేరుగల యోహానును వెంటబెట్టుకొని తిరిగి వచ్చిరని 12వ అధ్యాయము చివర వ్రాసెను. పంపుటను, తిరిగి వచ్చుటను వ్రాసి, నడిమి దూరమును విడిచిపెట్టెను. లోకము పొగడునది ఆ నడిమి దూరమునే గదా!

2. నడచుట ఎందుకు?

కొందరు సహోదరులు న్యాయముగానే ఇట్లు అడుగుదురు: రోగికి మందు కావలెను, ఆకలిగొన్నవానికి అన్నము కావలెను. మరియొకని కాళ్లు బొబ్బలెక్కినందున వారి కష్టమేమి తీరును? ఇవ్వదలచినవాడు ఊరకయే ఇవ్వరాదా? నడచినయెడల ఇత్తును, నడువనియెడల ఇవ్వను అనుట దయకు తగిన మాటయా?

ఈ ప్రశ్నను మనము త్రోసివేయరాదు. బీదవాని అవసరము మన పాదముల మీద ఆధారపడి యుండలేదు. నడకయే పుణ్యమనుకొనువాడు పొరబడుచున్నాడు. అయితే నడకకు తగిన స్థానమొకటి కలదు. గుడిగంట ఆరాధన కాదు గాని ఆరాధనకు జనులను పిలుచును. దూరపు నడకయు అట్టిదే. మరచి కూర్చున్న హృదయములను అది లేపును. చేతిలో రూపాయి లేనివానికి సయితము ఇచ్చుటకు కాళ్లున్నవని అది చూపును.

మన ప్రాంతమువారు దీనిని కన్నులార చూచినవారే. 1951లో ఆచార్య వినోబా భావే గారు వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్లు కాలినడకను హైదరాబాదు చేరువనున్న శివరాంపల్లికి వచ్చిరి. అక్కడనుండి తెలంగాణ పల్లెలలో నడచుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. అక్కడి హరిజన కుటుంబములు తమకు 80 ఎకరముల భూమి కావలెనని అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరములు ఇచ్చెదనని లేచి నిలిచిరి. వినోబా గారు ఊరూరను భూమిగలవారిని వేడుకొనుచు, మీ ఇంట ఐదుగురు కుమారులున్నయెడల నన్ను ఆరవవానిగా ఎంచి నా పాలు బీదలకిండని అడుగుచుండెడివారు. బండిమీద వచ్చి అడిగినవానికంటె నడచి వచ్చి అడిగినవాని మాట రైతు చెవికి దగ్గరగా వినబడినది. నడక చేయగలిగిన మేలు అది.

3. సామానునొద్ద నిలిచినవారి పాలు

ఇక ఇంటి మాటకు వత్తము. సిక్లగు కాల్చబడి, భార్యలును పిల్లలును చెరపట్టబడినప్పుడు, దావీదు 600 మందితో అమాలేకీయులను తరుముచు బయలుదేరెను. బెసోరు వాగునొద్ద 200 మంది అలసి ముందుకు పోలేక నిలిచిపోయిరి. 400 మంది పోయి అందరిని విడిపించి, దోపుడు సొమ్ముతో తిరిగి వచ్చిరి. అప్పుడు వెళ్లినవారిలో కొందరు దుర్మార్గులు, మాతో రానివారికి మేము ఈ సొమ్ములో పాలియ్యము, తమ భార్యాపిల్లలను తీసికొని పొమ్మనిరి. దావీదు ఒప్పుకొనలేదు. ఇది మన బలము కాదు, యెహోవా మనకిచ్చినది అని చెప్పి, యుద్ధమునకు పోయినవానికిని సామానునొద్ద కావలియున్నవానికిని సమమైన పాలు నిర్ణయించెను. అది ఇశ్రాయేలులో కట్టడ ఆయెను.

ఈ కట్టడ మన ఇండ్లలో ఇంకను అమలు కావలసియున్నది. తండ్రియు కుమారుడును 15 దినములు ధర్మము కొరకు నడచి వచ్చిరనుకొనుడి. ఆ 15 దినములు తెల్లవారుజామున లేచి గేదెకు పాలు పిండినదెవరు? కుడితి పెట్టినదెవరు? ముసలితల్లిని లేవనెత్తి కూర్చుండబెట్టినదెవరు? మడికి నీరు పెట్టినదెవరు? జ్వరము వచ్చిన చంటిబిడ్డతో రాత్రియంతయు మేలుకొనియున్నదెవరు? ఆమె పేరు ఏ పత్రికలోను పడదు. ఆమె నడిచిన దూరము ఎవరును కొలువరు. పొయ్యికిని బావికిని మధ్య ఆమె వేసిన అడుగులు లెక్కపెట్టినయెడల అవి తక్కువ కావు.

మన పల్లె సంఘములలోని స్త్రీలు ఈ సత్యమును ఎరిగినవారే. అన్నమునకు ఎసరు పెట్టునప్పుడు ఒక పిడికెడు బియ్యము తీసి వేరుగా కుండలో నుంచి, ఆదివారమున దేవుని సన్నిధికి తెచ్చు తల్లులు మనలో ఎందరో యున్నారు. అది గడప దాటకుండ చేసిన దూర ప్రయాణము. కావున నడచి వచ్చినవాని మెడలో దండ వేయు సంఘము, ఇంట నిలిచినవారిని కూడ పిలిచి అదే వరుసలో కూర్చుండబెట్టవలెను. దావీదు చెప్పిన కారణము మరువకుడి. గెలుపు మనది కాదు, దేవుడిచ్చినది. దేవుడిచ్చినదానిని వెళ్లినవాడు తనదని పట్టుకొనుటకు హక్కులేదు.

4. చెప్పిన మాట చెల్లించుట

నడక ముగిసిన మరునాడు చేయవలసిన పని మరియొకటి యున్నది. మాట యిచ్చినవారియొద్ద సొమ్ము వసూలు చేసి, లెక్క వ్రాసి, చేరవలసినవారికి చేర్పవలెను. ఉత్సాహమున మాట యిచ్చుట సులభము. నడచువాడు కన్నులయెదుట లేనప్పుడు చెల్లించుట కష్టము.

కొరింథు సంఘము ఏడాది క్రితమే యెరూషలేములోని బీదలకు సహాయము చేయ నుద్దేశించినది. కాని పని ముగియలేదు. పౌలు రెండవ పత్రిక 8వ అధ్యాయములో, మనస్సు కలిగినట్లే కార్యమును కూడ ముగించుడని వారికి వ్రాసెను. అంతేగాక ఆ సొమ్ము విషయమై ఎవరును తమమీద తప్పు మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని తీతుతోకూడ పంపుచున్నానని చెప్పెను. అపొస్తలుడే తాను ఒంటరిగా సొమ్ము ముట్టక లెక్కకు సాక్షులను పెట్టుకొనినయెడల, మనము ఎంత జాగ్రత్తగా నుండవలెను!

భూదాన విషయములో కూడ ఈ పాఠమున్నది. వినోబా గారు ఏండ్ల తరబడి దేశమంతట నడచిరి. లక్షల ఎకరములు ఇచ్చెదమని జనులు వ్రాసియిచ్చిరి. కాని వ్రాసియిచ్చిన భూమిలో కొంత పంటకు పనికిరానిది. కొంత వ్యాజ్యములలో చిక్కుకొనినది. చాల భాగము బీదవాని చేతికి చేరనేలేదు. నడచినవాని పాదములు చేయవలసినది చేసినవి. ఇంట కూర్చుండి పత్రము వ్రాసినవారి చేతులు, దానిని అమలుజరుపవలసినవారి చేతులు ఆలస్యము చేసినవి. నడక ఎంత గొప్పదైనను, ఇంటియొద్ద మిగిలిన పనిని అది తనంతట తాను చేయజాలదు.

5. ఇంటివారికి దాగియుండకుము

నాలుగవ సంగతి మరింత సున్నితమైనది. దూరమునున్న అనాథ కొరకు 300 మైళ్లు నడచినవాడు, పది అడుగుల దూరములో వసారాలో పడుకొనియున్న తల్లిని, అమ్మా, అన్నము తింటివా? అని అడుగకపోవచ్చును. ఇది సాధ్యమేనా యని అనుకొందుము గాని, సాధ్యమే. దూరపు నడకకు మైలురాళ్లున్నవి. ఇంత నడచితినని చెప్పుకొనవచ్చును. ఒక దినమున అది ముగియును. ఇంటిలోని ప్రేమకు మైలురాళ్లు లేవు. రోగియగు భర్తకు పదియేండ్లు సేవచేసిన స్త్రీకి, ఇదిగో, ఇక్కడితో ముగిసినది, చప్పట్లు కొట్టుడని చెప్పు స్థలము ఎక్కడను రాదు. కాబట్టి మనుష్యుని మనస్సు కొలతగల ధర్మమును కోరి, కొలతలేనిదానినుండి తప్పించుకొన చూచును.

యెషయా ప్రవక్త 58వ అధ్యాయములో దేవునికి ఇష్టమైన ఉపవాసమెట్టిదో చెప్పునప్పుడు, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుటను, దిక్కులేనివారిని ఇంట చేర్చుకొనుటను, వస్త్రహీనునికి వస్త్రమిచ్చుటను చెప్పి, ఆ వరుసలోనే, నీ రక్తసంబంధికి ముఖము తప్పింపవద్దని కూడ చెప్పెను. పరదేశియు బంధువును ఒకే వచనములో నున్నారు. పౌలును తిమోతికి వ్రాసినప్పుడు, పిల్లలు మొదట తమ ఇంటివారియెడల భక్తి కనుపరచ నేర్చుకొనవలెనని బోధించెను.

అయితే దీనిని తలక్రిందులు చేయువారును కలరు. మొదట ఇల్లు, తరువాతనే పరులు అని చెప్పుచు, ఆ తరువాత అనునది ఎన్నటికిని రానియ్యరు. అంతియొకయలోను బీదలు లేకపోలేదు. అయినను వారు తమ ఊరి బీదలను సాకుగా చూపి యూదయవారిని మరువలేదు. ఇంటి ప్రేమయు దూరపు దానమును ఒకే ఊట నీళ్లు. ఒకటి ఎండినయెడల రెండవదానిలో బురదయే మిగులును.

6. ఖాళీయైన గదిగల ఇల్లు

తిరిగి వచ్చిన ఇంటిలో సంతోషము లేనప్పుడు ఏమందుము? ఇంగ్లాండు దేశమున ముగ్గురు తండ్రులు 2021 అక్టోబరులో సుమారు 300 మైళ్లు నడచిరి. ఆ ముగ్గురి కుమార్తెలును చిన్న వయస్సులోనే నిరాశపాలై తమ ప్రాణములు తీసికొనినవారు. ఆ తండ్రులు కంబ్రియా సీమలోని ఒకరి ఇంటినుండి బయలుదేరి, మాంచెస్టరు ప్రాంతములోని మరియొకరి ఇంటి మీదుగా, నార్ఫోకు సీమలోని మూడవవాని ఇంటికి పోయిరి. యౌవనస్థుల ఆత్మహత్యలను ఆపుటకు పాటుపడుచున్న పపైరసు అను సంస్థ కొరకు ఆ నడక. ఆ సంస్థ కూడ 1997లో అట్టి దుఃఖము ననుభవించిన ఒక తల్లి స్థాపించినదే.

ఇంటినుండి ఇంటికి నడచి వారు చేరిరి. సొమ్ము విస్తారముగా వచ్చినది. అయినను గది ఖాళీగానే యున్నది. ఈ సంగతిని మనము కప్పిపుచ్చరాదు. ఎన్ని మైళ్లు నడచినను, ఎంత సొమ్ము ఇచ్చినను, పోయిన బిడ్డను తిరిగి కొనుటకు అవి వెలకావు. మన సత్క్రియలు మన దుఃఖమునకు క్రయధనము కానేరవు. అవి మన రక్షణకును క్రయధనము కావని మనము ఎరుగుదుము గదా. అట్లయిన వారి నడక వ్యర్థమా? కాదు. దారి పొడుగున, అట్టి దుఃఖమునే లోపల దాచుకొనిన తలిదండ్రులు వచ్చి, కొంత దూరము వారితో నడచి, ఎన్నడును నోరు తెరచి చెప్పని మాటలు చెప్పుకొనిరి. 2022లో ఆ తండ్రులు ఆ దేశపు నాలుగు శాసనసభలను కలుపుచు మరల 600 మైళ్లు నడచిరి. పాఠశాలలలో పిల్లలకు ఈ విషయమై సరియైన బోధ జరుగవలెనని వారు చేసిన మనవి 2023లో పార్లమెంటులో చర్చకు వచ్చినది. ఖాళీయైన గది ఖాళీగానే యుండగా, పరుల ఇండ్ల గదులు ఖాళీ కాకుండ వారు పాటుపడుచున్నారు.

ప్రియులారా, అట్టి ఇండ్లు మన పల్లెలలో లేవా? అప్పుల బాధచేత ఒకడు, పరీక్ష తప్పినందున ఒకడు, చెప్పుకొనలేని వేదనచేత మరియొకతె, ఇట్లు పోయినవారి ఇండ్లు మనకు తెలియును. మొదటి దినమున జనులు గుమిగూడుదురు. తరువాత గుసగుసలు బయలుదేరును. పిమ్మట ఆ వీధినే తప్పించుకొని పోవుదురు. దూరపు నడకను మెచ్చుకొను సంఘము, ఆ వీధి దాటి ఆ ఇంటి అరుగుమీద కూర్చుండుటకు వెనుదీయవచ్చునా? యోబు స్నేహితులు చేసిన మంచి పని యొకటి కలదు. వారు దూర దేశములనుండి వచ్చి, ఏడు దినములు అతనితోకూడ నేలమీద కూర్చుండి, ఏమియు మాటలాడకపోయిరి. నోరు తెరచి తీర్పు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారు చెడిరి. మనము ఆ ఏడు దినములను నేర్చుకొందము. ఎవరైన బ్రదుకు విసిగినట్లు మాటలాడినయెడల, పరిహాసము చేయకయు గద్దింపకయు దగ్గర కూర్చుండి వినుడి. ఒంటరిగా విడువకుడి. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ అను సేవకు 14416 అను నంబరున ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడి సహాయము చేయుదురు. కాపరికిని వైద్యునికిని తెలియజేయుట సిగ్గు కాదు.

7. ఎట్లు ఎదుర్కొందము?

మన సంఘమునుండి ఎవరైన ధర్మకార్యముమీద దూరము పోయి తిరిగి వచ్చినప్పుడు, వారిని ఎదుర్కొనుట మన విధి. అపొస్తలులు తిరిగి వచ్చి తాము చేసినవన్నియు చెప్పినప్పుడు, ప్రభువు వారి మాటలు విని, ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని వారిని పిలిచెను. కాబట్టి మొదట వినుడి, తరువాత అలసట తీర్చుకొననియ్యుడి. డెబ్బదిమంది సంతోషముతో తిరిగి వచ్చినప్పుడు, ప్రభువు వారి సంతోషమును కాదనలేదు గాని, దానిని వారు చేసిన పనిమీదనుండి తప్పించి, పరలోకమందు వ్రాయబడిన వారి పేరులమీద నిలిపెను. నడచి వచ్చినవాడు ఈ మాటను హృదయమందు ఉంచుకొనినయెడల, పత్రికలవారు రాని మరునాడు అతనికి వెలితిగా నుండదు.

ఆ మరునాడు అతడు లేచి, ఇన్నాళ్లు తన పని చేసినవారి చేతిలోనుండి చెంబు తీసికొని, నేను పాలు పిండుదును, నీవు కొంచెముసేపు పండుకొనుము అని చెప్పినయెడల, అతని దానము ఇల్లు చేరినదని మనము తెలిసికొందుము.

ప్రార్థన: ప్రభువా, దూరమునున్నవారి కొరకు నడచు పాదములను బలపరచుము. ఇంట నిలిచి భారము మోయుచున్నవారిని మేము మరువకుండ చేయుము. మేము ఇచ్చిన మాట చెల్లించు నమ్మకత్వమును దయచేయుము. ఖాళీయైన గదిగల ఇండ్లలో నీవే ఆదరణకర్తవై యుండుము, మమ్మును ఆ ఇండ్లకు పంపుము. ఆమేన్.